అంచు కోసిన నవల

ఈ నెల్లో మా ఇంట్లో పగలంతా నా భార్య బోర్లా పడుకునే ఉంటోంది. కంటి వెనక పొరకు చిన్న చిల్లు పడిందని గుంటూరులో ఆపరేషన్ చేసి, కంట్లో గాలిబుడగ లాంటిదొకటి పెట్టి ఒంగోలు పంపించారు. ఆ బుడగ పైకి తేలి చిల్లును ఒత్తి పట్టాలంటే మొహం ఎప్పుడూ నేలవైపే ఉండాలట. తిండికీ స్నానానికీ తప్ప తలెత్తకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చదవడం సంగతి సరేసరి, ఎదురుగా వచ్చి నిలబడ్డవాళ్ల పాదాలు తప్ప ఆమెకు ఇంకేమీ కనపడటం లేదు. వచ్చిన చుట్టాలను కూడా కాళ్లను బట్టే గుర్తుపడుతోంది.

మా అమ్మాయి ఫోనులో కథలు చదివి వినిపించేదేదో పెట్టి వెళ్లింది. శుభ్రమైన గొంతు, తడబాటు లేదు, దగ్గు లేదు. నా భార్య ఓపిగ్గా కొన్ని కథలు విని, ఒక మధ్యాహ్నం దిండులోంచే అంది: "ఆ పిల్ల బాగానే చదువుతోంది గానీ, ఇక్కడ మనిషి ఉందో లేదో దానికి పట్టలేదండీ. అల్మారాలో మన నల్ల బైండు ఉంటుంది చూడండి. అది తెచ్చి మీరు చదవండి."

మా ఇంట్లో నల్ల బైండులు రెండే. ఒకటి బైబిలు. రెండోది ఒక వారపత్రిక సీరియల్. బయటినుంచి చూస్తే ఏది ఏదో చెప్పలేరు, ఎందుకంటే చెప్పలేకుండా ఉండాలనే నేను దాన్ని అలా కుట్టించాను. ఆ సంగతి రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

నా వయసువాళ్లకు సీరియల్ బైండు అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. వారపత్రిక వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ వంతులు వేసుకుని చదివాక, నడిమి పిన్ను నెమ్మదిగా విప్పి, సీరియల్ పేజీలు మాత్రం తీసి పరుపు కింద దాచేవాళ్లం. కథ అయిపోయాక అన్నీ కలిపి బైండింగుకు ఇచ్చేవాళ్లం. ఆ పుస్తకాల్లో కథ ఒక్కటే ఉండదు. పేజీ తిప్పితే వెనకవైపు ఎవరిదో సగం జోకు, దోసావకాయ పెట్టే విధానంలో మొదటి సగం, పేరు చివర కనపడని ఒక పాఠకురాలి ఉత్తరం. దోసావకాయలో ఉప్పు ఎంతో ఆ ఇంట్లోవాళ్లకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఇల్లు మారేటప్పుడు గిన్నెలు పోయినా బాధపడలేదు గానీ, బైండు పుస్తకాన్ని ఎవరైనా పట్టుకుపోతే మాత్రం చుట్టరికాలు తెగిపోయేవి.

అప్పట్లో నేను మార్టూరు హైస్కూల్లో సోషలు మేష్టర్ని. ఊళ్లో ఇప్పుడు ఎటు వెళ్లినా రాయి కోసే మిషన్ల చప్పుడు వినపడుతుంది గానీ, మేమున్న రోజుల్లో మా వీధిలో వినిపించేవి తుమ్ములే. మిరపకాయలు దిగే కాలంలో వీధి వీధంతా ఎర్రగా ఉండేది. మా నాన్నగారు చర్చిలో సంఘ కాపరిగా పనిచేసి రిటైరై, అమ్మ పోయాక మా దగ్గరే ఉండేవారు. నా భార్య ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. మేము అద్దెకున్న ఇంటిగలావిడ మిరపతోటలున్న రైతు కుటుంబం మనిషి, గట్టి గొంతు, చదువు రాదు. మేము దిగిన కొత్తలో ఆవిడ మా ఇంట్లో మంచినీళ్లు పుచ్చుకోవడానికి కూడా ఏదో వంక చెప్పి తప్పించుకునేది. అలాంటి మనిషి మా వసారాలోకి వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది సీరియల్ వల్లనే.

పత్రిక వచ్చిన సాయంత్రం ఇంటిగలావిడా, ఆమె దగ్గర పనిచేసే ఆడవాళ్లూ కాయల గుట్టలు మా వసారాలోనే పోసుకుని తొడిమలు తీస్తూ కూర్చునేవాళ్లు. నా భార్య స్తంభానికి ఆనుకుని చదివేది. ఘాటుకు చదివేవాళ్లకూ వినేవాళ్లకూ కళ్లవెంట నీళ్లు కారుతుండేవి. కథలో ఏడుపు ఘట్టం వచ్చినప్పుడు ఎవరు దేనికి ఏడుస్తున్నారో తెలిసేది కాదు. ఇంటిగలావిడ కళ్లు ఒత్తుకోబోయి, చేతులకు కారం ఉందని గుర్తొచ్చి, మోచేత్తో తుడుచుకుంటూ, "నేను కాయలకి ఏడుత్తన్నానమ్మోవ్, ఆ పిల్ల కోసం కాదు" అని అందరికీ ముందే చెప్పేసేది.

ఆ పిల్ల ఎవరంటే, కథలోని టెలిఫోన్ ఆపరేటరు. చిన్న ఊరి ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. దూరాన ఎక్కడో ఓడరేవులో పనిచేసే ఒకతను వారానికోసారి వాళ్ల అమ్మకు ట్రంకాల్ చేస్తాడు. తీగ కలిపి, "లైన్లో ఉన్నారు, మాట్లాడండి" అనడం తప్ప ఆ అమ్మాయికి అతనితో వేరే మాట లేదు. కొన్నాళ్లకు తల్లి చనిపోతుంది. ఆ తర్వాత కూడా అతను అదే రోజు, అదే వేళకు ఫోను చేస్తూనే ఉంటాడు. ఎవరికి కలపమంటారు అని ఆమె అడుగుతుంది. అతను జవాబు చెప్పడు. అక్కడినుంచి వారాల తరబడి కథ నడిచింది. ఒకరి మొహం ఒకరికి తెలియదు. మధ్యలో ఒక సూపర్‌వైజరు, లైను ఊరికే ఆపుతున్నావని ఆ అమ్మాయిని వేధించడానికి.

"ఏందమ్మా టీచరమ్మా, మనోడు ఈ వారవన్నా ఊళ్లోకి దిగుతాడా, ఫోన్లోనే కాపరం చేత్తాడా?" అని ఇంటిగలావిడ. "ఆ సూపరైజరు నోట్లో ఈ కాయలు కుక్కాల, అప్పుడు తెలుత్తది" అని ఇంకొకామె. ఇలా మధ్యమధ్యలో ఆగుతూ సాగేది చదువు. మా నాన్నగారు లోపల మంచం మీద పడుకుని కళ్లు మూసుకునే ఉండేవారు. నవలలు చదివితే మనసు చెదిరిపోతుందని వేదిక మీద బోధించిన మనిషి కదా, ఆయన నిద్రపోతున్నారనే మేమంతా అనుకునేవాళ్లం.

ఇక నా సంగతి. ఒంగోల్లో మా స్నేహితులు కొందరు నెలకోసారి కూడి గంభీరమైన పుస్తకాల గురించి మాట్లాడుకునేవాళ్లు. నేను అందులో సభ్యుణ్ని. అర్థమైనవీ కానివీ కలిపి చాలా మాట్లాడేవాణ్ని. ఇంటికొచ్చి సీరియళ్లను "అచ్చేసిన కన్నీళ్లు" అని వెక్కిరించేవాణ్ని. వసారాలో ఆడవాళ్లు నవ్వుతుంటే లోపలినుంచి, "ఇంకా పెళ్లి కాలేదా వాళ్లకి?" అని అరిచేవాణ్ని. నా భార్య ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. గొంతు కొంచెం తగ్గించి చదువుకునేది, అంతే. ఆ తగ్గడాన్ని నేను నా గెలుపు అనుకున్నాను.

అసలు విషయం ఏమిటంటే, బస్టాండులో పత్రిక కొని తెచ్చేది నేనే. సోడా బండి వెనక నిలబడి, సీరియల్ భాగం మొత్తం చదివి, మడత నలగకుండా మూసి, అప్పుడు ఇంటికి తెచ్చి ఇచ్చేవాణ్ని. అందరికంటే ముందు ఆ కథ తెలిసేది నాకే. కథలో తల్లి చనిపోయిన వారం సోడా అతను, "ఏంది మేష్టారూ, ఎవురన్నా పోయారా?" అని అడిగాడు.

కథ చివరికి వస్తుండగా నా భార్య నెలలు నిండి కొత్తపట్నం పుట్టింటికి వెళ్లింది. ఆ పల్లెకు పత్రిక రాదు. బస్సెక్కించేటప్పుడు, పేజీలన్నీ జాగ్రత్తగా తీసి ఉంచమనీ, తాను వచ్చాక చదువుకుంటాననీ చెప్పింది. ఇంటిగలావిడ కూడా, టీచరమ్మ వచ్చి చదివితేనే వింటాను, మేష్టారు చెప్పొద్దు అని ఒట్టు పెట్టింది, నేనేదో చెప్పబోయినట్టు. చివరి భాగం కూడా నేను సోడా బండి వెనకే చదివాను. మా అమ్మాయి పుట్టిన కబురు ఆ వారంలోనే వచ్చింది. ఆ సంతోషంలో, తల్లీ బిడ్డా ఇంటికి వచ్చేనాటికి సీరియల్ మొత్తం బైండు చేయించి చేతిలో పెడదామనుకున్నాను. ఆ ఆలోచన మంచిదే. దానికి నా సిగ్గు వచ్చి తగులుకుంది.

సంఘ కాపరి ఇంట్లో, మేష్టారి అల్మారాలో, రంగుల అట్టతో సీరియల్ బైండు కనపడితే ఒంగోలు స్నేహితులేమనుకుంటారు, నాన్నగారేమంటారు అని నా బెంగ. గుంటూరులో ఒక బైండరు దగ్గరికి వెళ్లాను. మా సంఘాలవాళ్ల బైబిళ్లూ పాటల పుస్తకాలూ చిరిగితే అతనే కుట్టి ఇచ్చేవాడు. పేజీలు చూసి, "ఇయ్యి పత్రిక కాయితాలు కదండీ, అంచు కొయ్యాలా వద్దా?" అని అడిగాడు. నేను అటూ ఇటూ చూసి, ఆ మాట త్వరగా తెమిలిపోతే చాలన్నట్టు, "బైబిలుకి ఎలా చేస్తావో అలాగే చెయ్యి. నల్ల రెక్సిను, ఎర్ర అంచు" అని చెప్పి బయటపడ్డాను.

అతను చెప్పినట్టే చేశాడు. బైబిలుకు చుట్టూ బోలెడు ఖాళీ ఉంటుంది, అంచు ఎంత కోసినా అక్షరం జోలికి పోదు. వారపత్రికకు ఆ ఖాళీ ఎక్కడిది? పైగా పిన్ను విప్పి తీసిన పేజీలు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. అన్నీ సమానం కావడానికి లోపలికి కోసి, ఎర్ర రంగు పూసి, నున్నగా ఇచ్చాడు. నేను తెరిచి కూడా చూడలేదు. ఎడమచేతి పేజీల్లో పంక్తికి మొదటి అక్షరం, కుడిచేతి పేజీల్లో పంక్తికి చివరి అక్షరం కత్తి పాలయ్యాయని నా భార్య వచ్చి చదవబోయేదాకా తెలియలేదు.

మొదటి అక్షరం పోతే ఊహించుకోవచ్చు. మన భాషలో చిక్కంతా చివర్లోనే ఉంది. వచ్చింది అతనో ఆమెనో నేనో, వస్తారో రారో, మొత్తం ఆ చివరి అక్షరమే చెప్పాలి. అయినా నా భార్య తడుముకుంటూ, పోయిన అక్షరాలు కలుపుకుంటూ, చంటిపిల్లను ఒళ్లో వేసుకుని వసారాలో చివరిదాకా చదివింది. ఆ అమ్మాయికి వేరే ఊరు బదిలీ అయింది. ఆ ఎక్స్ఛేంజిలో ఆమెకు అదే చివరి రోజు. అతని ఫోను వచ్చింది. ఆఖరి పంక్తి ఇలా ఉంది: ఆమె తీగ చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, "ఇక మాట్లాడ

అంతే. తర్వాత ఎర్ర అంచు. కింద నడిమధ్యన "అయిపోయింది" అన్న మాట మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

తొడిమలు తీస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. "మాట్లాడ... ఏంది? మాట్లాడనందా, మాట్లాడండి అందా?" అని ఇంటిగలావిడ. నా భార్య పేజీని దీపానికి ఎదురుగా పట్టి చూసింది. డ పక్కన సున్నా గీత ఏమైనా మిగిలిందేమోనని. అక్కడికి ఎర్ర రంగు పాకి ఉంది. మాట్లాడను అంటే కథ ఒకటి, మాట్లాడండి అంటే కథ పూర్తిగా ఇంకొకటి. "ఇన్ని నెల్లు కాసుక్కూకుంటే కోడి మెడకాయ తెగ్గోసినట్టు తెగ్గోయించుకొచ్చాడు మేష్టారు!" అని ఇంటిగలావిడ నా మొహం మీదే అంది.

నా భార్య లోపలికి వచ్చి, నెమ్మదిగా, ఆశగా అడిగింది. "మీరు గానీ చూశారా అండీ, ఆ చివరి మాట?"

చూశాను. ఆ పూటకు అది నాకు స్పష్టంగా తెలుసు. గడప అవతల ఆడవాళ్లందరూ చెవులు రిక్కించి ఉన్నారు. ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చెబితే, ఇన్నాళ్లూ వెక్కిరించినవాడు దొంగచాటుగా చదివాడని తేలిపోతుంది. "నాకేం తెలుసు? అలాంటివి నేనెప్పుడైనా చదివానా?" అన్నాను.

తర్వాత ఆమె చేయని ప్రయత్నం లేదు. అద్దంకి లైబ్రరీలో ఆ సంచిక ఉంది గానీ, ఎవరో మా లాంటివాళ్లే సీరియల్ పేజీలు చక్కగా విప్పి పట్టుకుపోయారు. కథ విడిగా పుస్తకంగా రాలేదు. పత్రికకు ఉత్తరం రాస్తే జవాబు లేదు. ఆ పత్రికే కొన్నాళ్లకు ఆగిపోయింది. మొన్నమొన్న మా అమ్మాయి ఇంటర్నెట్టులో వెతికితే ముందు సంచికలు కొన్ని దొరికాయి, అది దొరకలేదు.

నల్ల రెక్సిను వల్ల ఒరిగిందేమిటో కూడా చెప్పాలి. ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు మా నాన్నగారు అలవాటుగా గూట్లోంచి నల్ల పుస్తకం తీసి తెరిచారు. అది బైబిలు కాదు. ఆయన కళ్లజోడు సవరించుకుని, పేజీని దూరంగా పట్టి చూసి, తాపీగా, "ఏమ్మా, ఆ సూపర్‌వైజరు చివరికైనా మారుమనస్సు పొందాడా?" అని కోడల్ని అడిగారు. ఆయన మంచం మీద కళ్లు మూసుకుని వారం వారం విన్నారన్నమాట. నా భార్య నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఎవరికి భయపడి ఆ పుస్తకానికి నల్ల చొక్కా తొడిగానో ఆయనకు ఆ కథ మీద ఏ కోపమూ లేదు. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండవచ్చు. ఆయన పాటి ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తర్వాత నా భార్య చదవడం మానలేదు గానీ, నా ముందు చదవడం మానేసింది. నేను గదిలోకి వస్తే పుస్తకం మూసి లేచేది. ఒకే ఇంట్లో ఇద్దరు చదువరులం, ఒకరి పుస్తకం గురించి ఒకరికి చెప్పుకోకుండా నలభై ఏళ్లు దాటించాం. రిటైరయ్యాక నేను ఒకటి రెండుసార్లు, ఏం చదువుతున్నావని అడిగాను. "ఏముందిలెండి, మామూలు కథే" అనేది.

అందుకే మొన్న ఆ బైండు తెచ్చి చదవమన్నప్పుడు నన్నేనా అని మళ్లీ అడిగాను. కుర్చీ ఆమె తల దగ్గరికి లాక్కుని మొదలుపెట్టాను. తెగిన పంక్తి దగ్గర నేను తడబడితే, దిండులోంచి ఆమె అక్షరం అందించేది. "డు." "రు." "లేదు." ఆమెకు ఆ పుస్తకం కంఠతా వచ్చు. నేను కాస్త వేగంగా చదివితే, "నెమ్మదిగా, బస్సేం పోదు" అనేది. సూపర్‌వైజరు వచ్చిన చోట నాకు నిజంగానే కోపం వచ్చి గొంతు పెరిగింది. ఆమె భుజాలు కదిలాయి. నవ్విందనుకుంటాను. మొహం కనపడలేదు.

నిన్న సాయంత్రం చివరి పేజీకి వచ్చాం. "ఇక మాట్లాడ" దగ్గర ఆగిపోయాను. ఆమె ఈసారి అక్షరం అందించలేదు. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఇది అప్పుడే బస్టాండులో చదివాననీ, ప్రతి వారం ముందుగా చదివేవాణ్ననీ, చదవలేదని అబద్ధమాడాననీ చెప్పాను.

"తెలుసు," అంది. "చదవనివాళ్లకి ఆ రోజుల్లోనే ఆ సూపర్‌వైజరు మీద అంత కోపం రాదు. మీరే చెబుతారని చూశాను." దిండు సర్దుకుని, "పోనీ ఇప్పుడు చెప్పండి. ఏముంది అక్కడ?"

నాకు గుర్తు లేదు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ పంక్తి తలుచుకున్నానో, ఎన్నిసార్లు రెండు మాటలూ మార్చి మార్చి అనుకున్నానో, ఇప్పుడు రెండూ ఒకే గొంతుతో వినిపిస్తున్నాయి. ఏది అచ్చులో చూసిందో, ఏది నేను ఊహించుకున్నదో విడదీయలేకపోతున్నాను. ఆ మాటే చెప్పాను.

ఆమె చెయ్యి మంచం పట్టె మీద ఉంది, వేళ్లు బిగుసుకుని.

"ఇన్నాళ్లూ అది మీ దగ్గరుందనుకుంటున్నానండీ," అంది చివరికి. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ ఉదయం కాఫీ గ్లాసులో స్ట్రా వేసి ఇస్తుంటే, మళ్లీ మొదటినుంచి చదవమంది. "మిగతా అక్షరాలు మీకు తోచినవి పెట్టుకోండి. ఆ చివరి మాట దగ్గర మాత్రం ఆగండి. అది నేను చదువుకుంటాను."

ఇప్పుడు కథలకు కొదవ లేదు. వేలు ఆనిస్తే మొదలూ చివరా ఒకేసారి వచ్చి పడతాయి, ఏ అంచూ ఎవరూ కొయ్యరు. ఇంటిగలావిడ పోయి చాలా కాలమైంది. తొడిమలు తీసే ఆడవాళ్లు ఇప్పుడు గోడౌన్లలో చెవుల్లో తీగలు పెట్టుకుని ఎవరి పాట వాళ్లు వింటూ కూర్చుంటున్నారని విన్నాను. ఒక కథ మధ్యలో ఆగితే పక్కనున్నవాళ్ల మొహం చూడటం, వాళ్లను అడగటం ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు. అప్పట్లో అడగడానికి నా పక్కన మనిషి ఉంది. ఆ మనిషి అడిగింది కూడా.

ఇవాళ కథలో తల్లి చనిపోయే చోటుదాకా చదివి ఆపాను. పుస్తకం ఇంకా చాలా మిగిలి ఉంది. వారం వారం ఆ వసారాలో వాళ్లు ఎలా ఎదురుచూసేవాళ్లో, అందరికంటే ముందు సోడా బండి వెనక చదివేసుకున్న నాకు అప్పుడు తెలియలేదు. చివరి పేజీ దగ్గర నేను ఆగాక ఆమె ఏ మాట చదువుకుంటుందో, నాకు వినపడేలా చదువుతుందో లేదో, అదీ తెలియదు. నెమ్మదిగానే చదువుతున్నాను.